గాలి ఎటు

సైదులు ఆ కార్డును తువ్వాలల చుట్టి తెచ్చిండు,
జెరమొచ్చిన పిల్లను దవాఖానకు తెచ్చినట్టు.
"అక్కా, పెండ్లి వీడియో సగంల ఆగుతుంది.
తలంబ్రాల కాడికి రాంగనే తెర నల్లగైతది.
ఆయితారం నాటికి ఇయ్యాలె."

మే నెల, మిర్యాలగూడ, పగటి రెండు.
షట్టరుకు చెయ్యి ఆనిస్తే బొబ్బ లేస్తది.
సాగర్ రోడ్డు మీద వడ్ల లారీలు
మిల్లు గేటు దాక వరుస కట్టి నిలబడ్డయి.
గుమ్మంల ఈదమ్మ కూసున్నది,
ఫోన్ చార్జింగుకు నా చేతికిచ్చి.
పొద్దటి డ్యూటీ దిగొచ్చింది,
తలకు చుట్టిన గుడ్డ ఇంకా విప్పలే.

కార్డు విప్పిన.
మరలు తీసినవి తీసినట్టు
అట్టముక్క మీద అదే వరుసల గుచ్చిన.
ఇది నాయిన అలవాటు.
ఇదే షట్టర్ల ఆయన బోరు మోటర్లు చుట్టేటోడు,
లెక్క తప్పుతదని
చుట్టేటప్పుడు పిలిచినా పలికేటోడు కాదు.
నాకు ఆ మోటర్లు అబ్బలే.
వేలెడంత మోటర్లు అబ్బినయి.

రెండు ఫ్యాన్లు.
ఒకటి తిరగనే తిరగదు.
ఇంకోటి వేలుతోని నూకితే
గునుసుకుంట రెండు చుట్లు తిరిగి కూలబడ్డది.
కింద రేకుల సందుల చూస్తే
ఊక.
తవుడు, పొట్టు, సన్నటి నూగు,
సగం విరిగిన వడ్లగింజ కూడ.
ఈ ఊర్ల మేం పీల్చేదే ఇదీ పీల్చింది.
మాకైతే దగ్గన్న వస్తది.
ఇది ఊపిరాడకున్నా పనిచేసి పనిచేసి
తలంబ్రాల కాడ పడిపోయింది.

హైదరాబాద్ సేటుకు ఫోన్ చేస్తే
"ఆ మోడల్ ఫ్యాన్లు ఇగ రావు,
కొత్త కార్డు కొనమను" అన్నడు.
కొత్త కార్డంటే సైదులుకు నాలుగు పెండ్లిళ్లు.
పెండ్లిళ్లేమో మూఢం పోయేదాక లేవు.

పాత సామాను పెట్టెలకెల్లి
అరచెయ్యంత ఫ్యాన్లు రెండు తీసిన.
సచ్చినదాని ప్లగ్గు కోసి వీటికి అతకాలె.
నలుపుకు నలుపు కలిసింది,
మిగతా రంగులు కలవలే.
రంగు చూసి నమ్మకు, మీటరు పెట్టు,
ఇదీ నాయిన మాటనే.
టంకం పొగ కండ్లల్లకు.
చిప్పు మీద పెచ్చులూడే పాత పేస్టు గీకి
శెనగ్గింజంత కొత్తది పెట్టి
డ్రిప్పు పైపులకు కట్టే ప్లాస్టిక్ పట్టీలు
ఎనిమిది తీసి కట్టిన.
మరీ బిగిస్తే రెక్క రాసుకుంటది,
వదులైతే వణుకుతది.

స్విచ్చేసిన. తిరిగినయి!
సైదులు చెప్పులిడిచి లోపలికొచ్చిండు.
డెబ్బై డిగ్రీలు. డెబ్బై ఎనిమిది.
తిరుగుతనే ఉన్నయి, ఎనభై ఆరు.
సప్పుడు మంచిగనే ఉన్నది, తొంభై.
బంద్ చేసిన.
మీటరు మళ్ల పెట్టిన. వైర్లన్ని సరిగనే ఉన్నయి.
సరిగ లేనిదేందో సమజ్ కాలే.
ఇంకోసారి స్విచ్చేసిన.

గుమ్మంలకెల్లి ఈదమ్మ
"ఏందే బిడ్డా, బయటి వడగాడ్పు సాలదని
నువ్వు గూడ నా మొకానికే కొడ్తున్నవు" అన్నది.

చెయ్యి అడ్డం పెట్టి చూసిన.
రేకుల మీదికి పోవాల్సిన గాలి
ఈదమ్మ మీదికి పోతుంది.
ఫ్యాన్లు బోర్లేసి కట్టిన.

"తూర్పార పట్టెటప్పుడు
ముందుగాల పిడికెడు మన్ను ఇడిచి చూస్తం,
గాలి ఎటున్నదని.
నువ్వు చూడలేదా?"
చూడలే అత్తా.

ఎనిమిది పట్టీలు కత్తిరించిన.
కట్టకముందు ఈసారి
ఫ్యాను చేతిల పట్టుకొని
రేకుల్లకెల్లి తీసిన ఊకనే చిటికెడు ఇడిచిన.
అటు పోయింది.
అట్లనే పట్టుకొని కట్టిన.

అరవై తొమ్మిది కాడ నిలబడ్డది.
తెర మీద పెండ్లిపిల్ల దోసిలెత్తింది,
బియ్యం పడ్డయి, పడుతనే ఉన్నయి,
పిలగాడు నవ్వుకుంట కండ్లు మూసుకున్నడు,
సైదులు సీసల నీళ్లు గటగట తాగిండు.
"దామరచర్ల పిల్ల గాదూ" అని ఈదమ్మ లేచింది.
దగ్గరికొచ్చి సేపు చూసింది.
"గిన్ని బియ్యం తొక్కుతరు" అన్నది.

పోయేటప్పుడు ఫోన్ అడిగింది.
వైరు గుచ్చే ఉన్నది.
నేను స్విచ్చి వెయ్యనే లేదు.